కావలి పిట్ట అబద్ధపు కేక

అనగా అనగా, సముద్రాలకు అవతల, ఎండ నేలకు దిగని ఒక కీకారణ్యం. అక్కడ ఆకులు తిరగేసి పురుగులు ఏరుకు తినే చిన్న పిట్టల గుంపొకటి ఉండేది. ఆ గుంపుకు కావలి ధూమ్రకుడనే బూడిదరంగు పిట్ట. అందరూ తలలు వంచి మేస్తుంటే అతడు కొమ్మ మీద కూర్చుని కనిపెట్టేవాడు. డేగ కనబడితే "కిర్రు!" అని అరిచేవాడు. అంతే, అందరూ పొదల్లో దూరేవారు.

ఒకనాడు చిత్రాంగి అనే తల్లిపిట్ట ఆకుల కింద నుంచి బలిసిన మిడతను పట్టి లాగింది. ధూమ్రకుడికి నోరూరింది. డేగ లేదు, ఏమీ లేదు. అయినా "కిర్రు!" అన్నాడు. చిత్రాంగి మిడతను వదిలి పారిపోయింది. అది ధూమ్రకుడి పాలయింది.

"నీ పుణ్యమా అని బతికామన్నా!" అంది చిత్రాంగి తిరిగొచ్చి. అతడు చూపు తిప్పుకున్నాడు.

మర్నాడు గుంపుకు పెద్దదైన ముసలి పిట్ట దగ్గర సాలీడును అలాగే కాజేశాడు. "ఇంత చూపు మా కాలంలో ఎవరికీ లేదు నాయనా," అంది ఆమె. ఆ మాట అతడికి గుచ్చుకుంది. అయినా సాలీడును మింగాడు.

మూడోనాడు చిత్రాంగి కూన మొట్టమొదటిసారి తనంత తానుగా ఒక పచ్చపురుగును పట్టింది. ధూమ్రకుడు ఆగలేకపోయాడు. కేక విని కూన గుడ్డిగా ఎగిరి ముళ్ళకంపలో పడింది. రెక్క చీలిపోయింది.

చిత్రాంగి ఏడుస్తూనే అతడికి దణ్ణం పెట్టింది. "రెక్క పోతే పోయింది, ప్రాణం దక్కింది. నువ్వు అరవకపోతే డేగ ఎత్తుకుపోయేదన్నా!"

తిట్టినా బాగుండేది. ధూమ్రకుడు సిగ్గుతో కుంగిపోయాడు. ముక్కున ఉన్న పురుగును కూన ముందు పెట్టాడు.

"డేగ రాలేదమ్మా. ఈ మూడు రోజుల్లో ఏ రోజూ రాలేదు. తిండికి ఆశపడి అరిచాను."

చిత్రాంగి కూనను దగ్గరికి తీసుకుని, "నా బిడ్డ నీ గొంతు నమ్మి ఎగిరింది," అని మాత్రం అంది.

ఆ పూటే ముసలి పిట్ట అతణ్ణి కావలి నుంచి దించేసింది. ధూమ్రకుడు ఎదురు చెప్పలేదు. కూన రెక్క మానేదాకా, తాను పస్తుండి కూడా, దానికి మేత తెచ్చిపెట్టాడు. వానలు వెలిశాక ముసలి పిట్టే అతణ్ణి పిలిచి, "మళ్ళీ కొమ్మ ఎక్కు నాయనా. అడగకుండానే నిజం చెప్పిన నోరు నీది," అంది.

అతడు ఎక్కబోతుంటే కూన అడిగింది: "మామా, ఇకమీదట నువ్వు అరిస్తే ఎగరనా?"

ధూమ్రకుడు తలెత్తలేకపోయాడు. "ఎగురు తల్లీ," అన్నాడు మెల్లగా.

నమ్మినవాళ్ళను మోసగించి తిన్న తిండి ఒంటికి పట్టదు. తప్పును తనంత తానుగా ఒప్పుకున్నవాడికే పోయిన నమ్మకం తిరిగి దక్కుతుంది.