ఉలవలమిట్ట నుండి పయనాలమ్మ సెలవు పుచ్చుకున్న వైనం

ఉలవలమిట్ట చేరిన భక్తులు ముందుగా ఒక మాట తెలుసుకోవాలి. ఇక్కడి గర్భగుడిలో విగ్రహం ఉండదు. తలుపు తీయగానే నల్లరాతి పీఠం, దాని నడుమ చిన్న గుంట, గుంట అంచున ఎండి గట్టిపడిన లక్క, ఇంతే కనిపిస్తాయి. కొత్తగా వచ్చినవారు విగ్రహాన్ని దొంగలు ఎత్తుకుపోయారేమోనని అర్చకుణ్ణి నిలదీయడం ఇక్కడ మామూలే. ఆయన జవాబు చెప్పీ చెప్పీ అలసిపోయినందువల్లనే ఈ చిన్న పుస్తకం వేయవలసి వచ్చింది.

పూర్వం ఇక్కడ కామసాని అనే ఇల్లాలు ఏలుబడి చేసేది. పాలెగాడైన ఆమె భర్తకు చూపు పోయినందున ఊరి బరువంతా ఆమె మీద పడింది. ఊరికి ఉలవలు, పశువులు తప్ప వేరే సంపద లేదు. ఆ కాస్తకే కొండల అవతలి నుండి దోపిడీ దండు ఏటా పంట కళ్ళానికి చేరే వేళకు దిగేది. ఇంటికొకరు చొప్పున మిట్ట మీద కావలి ఉండి, దండు కనబడితే తప్పెట కొట్టేవారు. తప్పెట తప్పెటే, దోపిడీ దోపిడీయే. చివరకు కామసాని కింది సీమ రాజుకు కబురు పెట్టి సేనను పంపమని వేడుకొంది.

గండమనాయకుడనే దళపతి సేనతో వచ్చి, ఆ పంటకాలంలోనే దోపిడీ దండును కొండలు దాటించాడు. అతని బంట్లు ఊరిని దోచలేదు, ఆడవారి జోలికి పోలేదు. ఉన్న మంచిని లేదనడం మా పద్ధతి కాదు.

ఆ సేన తమ దేవత పయనాలమ్మను పెట్టెలో ఉంచి, ఎద్దు మీద ఎక్కించుకొని తిరిగేది. ఆ తల్లికి గుడి లేదు, ఒకచోట నిలిచే అలవాటూ లేదు. ఊరివారికి కృతజ్ఞత పొంగిపోయింది. పొంగినప్పుడు మనవాళ్ళకు ముందువెనకలు తోచవు. ఎవరూ అడగకముందే గుడి కట్టి, అమ్మను పీఠం మీద నిలిపి, లక్క, గుగ్గిలం, మైనం కలిపి అష్టబంధనం చేశారు. అంటే, ఇక కదలరాదని తమ చేతులతో తామే బిగించారు.

ఏళ్ళు గడిచాయి. దోపిడీ దండు జాడ లేదు, సేన మాత్రం ఉంది. ఊరి ఉలవలు గుర్రాలకు పోతున్నాయి. పొలాల దారిలో బంట్లు నిలబడి వచ్చేపోయేవారి పేర్లు అడుగుతున్నారు. ఎటూ సేన ఉందిగదా అని ఊరివారు కావలి మానుకొన్నారు. తప్పెట తోలును ఎలుకలు కొరికాయి. కామసాని ఇదంతా చూసి చూసి, ఒకనాడు నాయకుని విడిదికి వెళ్ళింది.

"నాయకా, రమ్మంటిమి, వస్తిరి. మీ మేలు మరిచేది లేదు. ఇంక పోయి రాండి" అన్నది.

"మేము పోతే ఆ దొంగలు మళ్ళీ వస్తారు తల్లీ. మీ బయ్యన్నకు కత్తి పట్టడం వచ్చునా?" అన్నాడు గండమనాయకుడు. బయ్యన్న ఆమెకు ఒక్కడే కొడుకు.

"వస్తే మేం జూసుకుంటాం. నా కొడుకు వాని చేన్లోకి వాడు పోయేదానికి నీ బంటుకు పేరు జెప్పల్నా?"

నాయకుడు నొచ్చుకొన్నాడు. కానీ కదలలేదు. "మరి అమ్మ సంగతేమిటి? బంధనం చేసింది మీరే. పెకలిస్తే మహాపాపం. అమ్మను వదలి మేము అడుగు వేయము" అన్నాడు.

కామసాని ఆ మాట పట్టుకొని ఇంటికి మళ్ళింది. ఊరిలో సగం మందికి సేన ఉండడమే మేలనిపించింది కూడా. కాలిన ఇళ్ళు కళ్ళారా చూసినవారు వారు. వారి భయాన్ని తప్పుపట్టలేము.

ఈ సీమలో పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డను అత్తింటికి సాగనంపేటప్పుడు ఒడిబియ్యం పోస్తారు. ఒడి నిండిన బిడ్డ ఇక ఆ ఇంట నిలవరాదు. కామసాని తలంటుకొని, బియ్యం, పసుపు, కుంకుమ, ఎండుకొబ్బరి, రవికగుడ్డ పళ్ళెంలో పెట్టుకొని గుడికి వెళ్ళింది. నాయకుడు చూస్తుండగానే అమ్మ నడుముకు కొత్త వస్త్రం చుట్టి, ఒడి నింపింది. "ఆడబిడ్డ మాదిరి ఉంటివి తల్లీ. ఇంక నీ ఇంటికి పోయి రా. మల్లా మేమే పిలుస్తాం" అని చెప్పి, నిజంగా కూతుర్ని పంపుతున్నట్టే ఏడ్చింది.

ఆ రాత్రి పయనాలమ్మ నాయకునికి కలలో కనబడింది. "ఒడి నింపించుకొని గడప దిగకపోతే నాకు మర్యాద ఉంటుందా? నన్ను ఎత్తుకో" అన్నది. తెల్లవారి అతడు చేయి వేయగానే బంధనం వదులై విగ్రహం చేతికి వచ్చింది. ఎండకు లక్క కరిగిందని వాదించేవారు కొందరున్నారు. ఎండ అంతకుముందు ఏళ్ళలోనూ కాసింది. సేన ఆ పూటే బయలుదేరింది.

నాయకుడు చెప్పినట్టే, ఆ పంటకే దోపిడీ దండు దిగింది. కావలి మరచిన ఊరు తడబడింది. మిట్ట మీద తప్పెట కొడుతూ బయ్యన్న చనిపోయాడు. పంటలో సగం పోయింది. "పోతామన్నా వాళ్ళను నిలుపుకోవాల్సింది పోయి, ఉంటామన్నోళ్ళను తరిమితివి" అని ఊరివారు కామసాని ముఖం మీదే అన్నారు.

కబురు తెలిసి గండమనాయకుడు సేనతో పరుగున వచ్చాడు. ఊరి పొలిమేరలోని ఎర్రవంక వాగు దగ్గర ఆగాడు. బంట్లు దాటబోతుంటే వారించి, "రావచ్చునా?" అని అడిగి రమ్మని ఒక మనిషిని పంపాడు.

కొడుకు శవం పక్కనున్న కామసాని తల ఎత్తి ఇట్లా అన్నది: "దండు వద్దు. మైల ఉండాది, అమ్మను గూడా ఇప్పుడు తేవద్దు. నాయకుణ్ణి ఒక్కణ్ణే రమ్మను, కత్తి ఆడనే పెట్టి. పాడె మోసేదానికి ఒక భుజం తక్కువైంది."

గండమనాయకుడు కత్తి ఇసుకలో పెట్టి, వంక దాటి వచ్చి, బయ్యన్న పాడె మోశాడు. దహనమయ్యాక ఎవరూ చెప్పకుండానే వెనుదిరిగాడు.

తరువాత దోపిడీ దండు రాలేదా అంటే, వచ్చింది. మళ్ళీ కావలి నేర్చిన ఊరు కొన్నిమార్లు గెలిచింది, కొన్నిమార్లు ఓడింది. మైల తీరిన మరుసటి ఏడు కామసాని తానే కబురు పంపి పయనాలమ్మను పిలిపించింది.

నేటికీ ఉలవల నూర్పిడి అయ్యాక కింది సీమవారు అమ్మను పెట్టెలో తీసుకొని వస్తారు. ఎర్రవంక ఒడ్డున మేళం ఆపి, "రావచ్చునా?" అని అడుగుతారు. కామసాని వంశపు ఇల్లాలు "రా తల్లీ" అంటేనే వంక దాటుతారు. ఆ ఒక్క పగలు అమ్మ పీఠం మీద ఉంటుంది, పొద్దు వాలే వేళకు ఒడి నింపి పంపుతారు. ఆనాడు దర్శించినవారికి ఆడబిడ్డల రాకపోకలు చల్లగా సాగుతాయని, కాదనలేక నలిగేవారికి నోరు వస్తుందని, ఇంట్లో తిష్ఠ వేసిన చుట్టం తనంతట తానే మూట సర్దుకుంటాడని నమ్మకం. మూడవదాని కోసం వచ్చేవారే ఎక్కువ.

ఇటీవలి కరువులో పశువులకు కూడా నీళ్ళు లేని ఏడు, ఆ వంశపు ఓబుళమ్మ వంక ఒడ్డుకు వచ్చి, "ఈ తూరి వద్దు తల్లీ, పెట్టేదానికి మాకాడ ఏమీ లేదు" అన్నది. మేళం మోగలేదు. పెట్టె మోసేవారు వచ్చిన దారినే మళ్ళారు. దేవతను పొమ్మనడానికి భయం వేయలేదా అని భక్తులు ఆమెను ఇప్పటికీ అడుగుతుంటారు. "భయమెందుకు? ఆయమ్మ అడిగింది, నేను చెప్పినా" అంటుంది ఓబుళమ్మ.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. పయనాలమ్మ వచ్చి, వంక అవతలే ఆగి, మళ్ళీ అడిగించింది.