పసుపు తిరిగిన ఫ్లాస్కు

ఆ కణాలంటే ఎస్తేరుకి ప్రేమ. ఈ మాట ఆమె ఇంతవరకూ పైకి అనలేదు. లోపల అనుకున్నప్పుడు కూడా ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసుకునేది. ఎందుకంటే అవి తునికి చెందిన పండు అనే నాలుగేళ్ల పాప పొట్టలో పెరిగిన క్యాన్సర్ గడ్డలోవి. ఆపరేషన్‌లో తీసిన ఆ గడ్డలోంచి చిన్న ముక్క, తల్లిదండ్రులు సరేనన్నాక, విశాఖపట్నంలో ఎస్తేరు పనిచేసే పరిశోధనశాలకి వచ్చింది. అలా వచ్చినవి చాలావరకు బయట బతకవు. ఇవి బతికాయి. మైక్రోస్కోపు కింద, ఫ్లాస్కు అనే పల్చటి సీసా అడుగున గుంపులు గుంపులుగా అంటుకుని కనిపించినప్పుడు, ఎస్తేరు ఆ రోజంతా కూనిరాగం తీస్తూ తిరిగింది. ఆ వారంలోనే పండు పోయింది.

ఊరికి బయల్దేరేముందు పాప తల్లి లోవలక్ష్మి ఆసుపత్రి మెట్ల దగ్గర ఎస్తేరు చెయ్యి పట్టుకుంది. "నా బిడ్డ దగ్గర తీసుకున్నది దేనికైనా పనికొచ్చిందో లేదో ఓ మాట ఫోన్ చేసి చెప్పమ్మా. అంతకుమించి నిన్నేటీ అడగను" అంది. ఆవిడ నంబరు ఎస్తేరు ఫోన్‌లోనే ఉంది. ఆ పేరు తెరిచేది, మూసేసేది. ఏమని చెప్పాలి? మీ పాపని తీసుకుపోయినవి నా దగ్గర హాయిగా ఉన్నాయనా?

కణాలకి పోసే గులాబీ రంగు ద్రవాన్ని అక్కడ అందరూ పాలంటారు. లోపల తిండి తరిగినకొద్దీ అది పసుపు రంగుకి తిరుగుతుంది. కణాలని బతికించినవాళ్లని వాటి తల్లి అనడం కూడా అక్కడి వేళాకోళమే. ఒకరోజు పక్క బల్ల జోగారావు, "ఏటమ్మా ఎస్తేరూ, నీ పిల్లలు ఆకలికి రంగు తిరుగుతున్నారు, పాలు పట్టవా?" అన్నాడు. రోజూ నవ్వే మాటే. ఆరోజు మాత్రం గుచ్చుకుంది. చేతిలో ఉన్నది బల్ల మీద పెట్టి, తిన్నగా అరుంధతి గారి గదిలోకి వెళ్లింది.

పరిశోధనశాలకి అరుంధతి గారు పెద్ద. ఆసుపత్రి మెట్ల దగ్గర లోవలక్ష్మి అడిగింది ఆవిడా విన్నారు. డిగ్రీ సగంలో వదిలేసి, పుస్తకాలూ వీడియోలూ ముందేసుకుని తనంతట తాను పని నేర్చుకున్న ఎస్తేరుని ఏరికోరి పెట్టుకున్నది ఆవిడే. ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు ఆవిడకి లేదు. పని చెబుతారు.

"మేడమ్, పసిపిల్లని చంపినవాటిని ఇంత అపురూపంగా చూసుకోవడం తప్పు కాదా?"

అరుంధతి గారు కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "వాటిలో సగం నాకివ్వు. నీవి నువ్వు నీకు తోచినట్టు చూసుకో, నావి నేను చూసుకుంటా. ఇద్దరం ఆ కొత్త మందు వేసి చూద్దాం."

ఆ మందు కణాన్ని చంపడానికి కాదు. ఆ జబ్బులో, నరాల కణంగా ఎదగాల్సిన పసికణం ఎదగడం మానేసి ఊరికే తామరతంపరగా పెరుగుతూ పోతుంది. దానికి మళ్లీ ఎదగడం నేర్పగలమా అని ఒక పాత మందుకి ఇంకోటి జోడించి చూస్తున్నారు. ఇద్దరూ తమ కణాలని రెండేసి ఫ్లాస్కుల్లో సర్దుకున్నారు. ఒకదాంట్లో మందు కలిపిన పాలు, ఇంకోదాంట్లో ఉత్త పాలు.

ఎస్తేరు ఎప్పటిలాగే పాలు ఒంటి వేడికి తెచ్చి, కణాలు కదిలిపోకుండా ఫ్లాస్కు గోడ వెంట మెల్లగా జార్చేది. అరుంధతి గారు తనవాటి మొహం కూడా చూడలేదు. వాటి పాలు లేత పసుపు తిరిగాయి, తర్వాత చిక్కటి పసుపు.

"మేడమ్, మీవాటికి పాలు మార్చాలి."

"దొంగలకి విందు భోజనమా? ఉండనీ."

ఎస్తేరు ఆగలేక ఒక మధ్యాహ్నం చాటుగా వాటి మీద చెయ్యి వెయ్యబోయింది. "నావి ముట్టుకోకు" అని వెనకనుంచి వినిపించింది. ఈ మనిషి గుండె బండరాయా అని ఎస్తేరు లోలోపల తిట్టుకుంది.

ఫలితం చూడాల్సిన రోజు వచ్చింది. అరుంధతి గారి మందు ఫ్లాస్కులో కణాలన్నీ చచ్చి తేలుతున్నాయి.

"చూశావా, మందు పనిచేసింది" అన్నారావిడ.

"మందు వెయ్యనిదాంట్లోనూ చచ్చాయి కదా మేడమ్. ఇవి పోయింది ఆకలికి. వీటివల్ల మనకేం తెలిసినట్టు?"

"ఏమీ తెలీలేదు. నీవి చూడు."

మందు వెయ్యని ఫ్లాస్కులో కణాలు కిక్కిరిసి ఉన్నాయి. ఎస్తేరు మందు వేసిన రెండోది మైక్రోస్కోపు కింద పెట్టి, కళ్లు ఆనించింది. అక్కడక్కడ కొన్ని గుంపులు మొండికేసి అలాగే ఉన్నాయి. తక్కినవి పెరగడం ఆపేశాయి. ఒక్కో కణంలోంచి సన్నటి పోగులు బయల్దేరి, తడుముకుంటూ పక్క కణం దాకా వెళ్లి, దాన్ని తాకి ఉన్నాయి. అచ్చం నరాల్లాగే.

"ఎదుగుతున్నాయి మేడమ్" అంది.

జోగారావు కూడా వచ్చి చూశాడు. వేళాకోళం ఆడలేదు. "మళ్లీ చేసి చూడాలి" అన్నాడు.

"చెయ్యాలి. మళ్లీ మళ్లీ చెయ్యాలి. ఎలకల్లో చూడాలి. ఇది ఇంకో బిడ్డకి అందేసరికి నా తలలో నల్ల వెంట్రుక మిగలదు" అన్నారు అరుంధతి గారు. అంటూనే ఆవిడ కూడా మరోసారి వంగి చూశారు, చాలాసేపు.

జోగారావు వెళ్లాక ఎస్తేరు అంది. "నేనడిగినదానికి మాత్రం మీరు జవాబు చెప్పలేదు."

అరుంధతి గారు గ్లౌజులు విప్పుతూ, బల్ల మీది పసుపు తిరిగిన ఫ్లాస్కు వైపు చూశారు. "దాన్ని ఆకలికి మాడ్చానని నన్ను తిట్టుకున్నావు కదూ. తునిలో ఆ తల్లి నీ మాట కోసం ఎన్నాళ్ల నుంచి చూస్తోంది?"

ఎస్తేరు చేతులు కడుక్కుంది. వరండాలోకి వచ్చి, ఫోన్‌లో లోవలక్ష్మి పేరు తెరిచింది. ఈసారి మూసేయలేదు.