చలిగుహలో అడుగమ్మ

ఒకప్పుడు లోకంలో బీరంతా ఒకటే తీరు. గంజిలా చిక్కగా ఉండేది. తాగినవాడు "తాగాను" అనేవాడు కాదు, "తిన్నాను" అనేవాడు. తేలికపాటి బీరు అనే మాటే ఎవరూ వినలేదు. మరి అది ఎలా వచ్చింది? చెబుతాను. పిల్లలూ, ఇది మీరు తాగడానికి కాదు, తెలుసుకోవడానికి. మధ్యలో ముక్కు చిట్లించినవాళ్ళకి సగం కథే!

బార్లీ పండే ఒక కొండ ఊళ్ళో పోలమ్మ అనే ఆవిడ ఉండేది. మొలకెత్తిన బార్లీని ఎండబెట్టి, దంచి, వేడినీళ్ళలో నానబెట్టి, ఆ తియ్యటి నీళ్ళని మరగకాచి, చల్లార్చి కుండల్లో పోసేది. కానీ ఆ నీళ్ళని బీరు చేసేది పోలమ్మ కాదు. కంటికి కనబడనంత చిన్న ఈస్ట్ అక్కచెల్లెళ్ళు. అక్క పేరు పొంగమ్మ, చెల్లెలి పేరు అడుగమ్మ. ఇద్దరి వెనకా అదే పేరుతో వాళ్ళ వాళ్ళ వంశం. తీపి తినడం, బుడగలు వదలడం, ఇదే వాళ్ళ పని.

పొంగమ్మకి పొయ్యి పక్క వెచ్చదనం తగిలితే చాలు, ఇక పట్టపగ్గాలుండవు. మెత్తటి తీపంతా గబగబా మింగేసేది. నమలాల్సిన గట్టి ముక్కల్ని వదిలేసేది. నాలుగు రోజుల్లో నురగ కట్టుకుని కుండ పైకెక్కి కూర్చునేది. ఆవిడ వదిలేసిన ఆ ముక్కల వల్లే బీరు అంత చిక్కగా ఉండేది.

అడుగమ్మ నిదానస్తురాలు. ఆవిడ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకునేసరికి భోజనాల బంతి లేచిపోయేది. పాపం, ఆకలితోనే కుండ అడుక్కి జారిపోయేది.

పోలమ్మకి ఒక అలవాటుంది. పెరుగుకి తోడు వేసినట్టు, పాత కుండ పైనున్న నురగని గరిటెడు తీసి కొత్త కుండలో వేసేది. అడుగున మిగిలిన మడ్డిని కోళ్ళకి పారబోసేది. పైనున్న పొంగమ్మకి ఎప్పుడూ కొత్త ఇల్లే. నురగకి అంటుకుని వచ్చిన కొద్దిమంది తప్ప అడుగమ్మ వాళ్ళంతా కోళ్ళ పాలు.

"అప్పా, ఈసారి నన్నూ పైకి లాగవే. మావోళ్ళు గుప్పెడు మందే మిగిలారు" అని అక్కని బతిమాలింది అడుగమ్మ.

"నాను లాగడమేటే? తొరగా తిను, నువ్వే తేల్తావు!" అంది పొంగమ్మ.

"తొరగా తింటే నాకు అరగదప్పా."

పొంగమ్మ అప్పటికే పైకెళ్ళిపోయింది.

ఆ ఏడు పంట విరగపండింది. కుండ మీద కుండ నిండింది. ఆఖరి కుండ దగ్గరికి వచ్చేసరికి నురగ అయిపోయింది. పోలమ్మ తల గోక్కుంది. కోళ్ళకి పోయబోతున్న మడ్డినే గరిటెడు తీసి అందులో వేసేసింది. పొయ్యి దగ్గర చోటు లేక, ఆ కుండని కొండగుహలో పెట్టి వచ్చింది.

గుహలో చలి కాపురం ఉండేది. "వొచ్చినావా తల్లీ! నా కాడికొచ్చినోళ్ళంతా ముడుచుకు తొంగుంటారు. మాటాడ్డానికి ఒక్కరూ నేరు" అంది.

నిజమే. మడ్డితో పాటు వచ్చిన నలుగురైదుగురు పొంగమ్మలు అప్పుడే గురక పెడుతున్నారు. అడుగమ్మ వణుకుతూ చుట్టూ చూసింది. కుండెడు తీపి! తోసేవాళ్ళే లేరు!

"పెద్దమ్మా, నాకు తొందర నేదు. నీకుందా?"

"నాకేటి తొందర? ఉన్నన్నాళ్ళూ తిను."

అడుగమ్మ తినడం మొదలుపెట్టింది. మెత్తటివీ తింది, గట్టివీ నమిలింది.

పది రోజులకి పోలమ్మ వచ్చి మూత తీసింది. పైన నురగ లేదు. నురగ లేని కుండ చచ్చిన కుండ అని ఆ ఊళ్ళో అందరి నమ్మకం. "అయ్యో, సచ్చిపోనాది! పారబోసీడమే" అంది.

అడుగమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఈ కుండ ఒలికితే ఆవిడ వంశంలో ఇంకెవరూ మిగలరు. గొంతు చించుకుని అరిచింది. ఇసుక రేణువంత కూడా లేనిదాని అరుపు ఎవరికి వినబడుతుంది?

"అరవకే, తిను! నోరాపకు!" అంది చలి.

అడుగమ్మ ఏడుస్తూనే నమిలింది. పోలమ్మ కుండని రెండు చేతులా కావిలించుకుని ఎత్తింది. చెవి కుండ పొట్టకి ఆనింది. టిక్... టిక్...

"ఓలమ్మ! అడుగున ఎవులో నవుల్తన్నారు!"

దించి, మళ్ళీ చెవి పెట్టి వింది. "పైన నురగ నేదు, కింద సప్పుడుంది. ఇదేటో సూడాల" అనుకుంది. చూడాలనిపించింది, అంతే. ఆ ఒక్క కుతూహలమే అడుగమ్మని బతికించింది.

చలికాలం వెళ్ళేదాకా ఆగి మూత తీసింది పోలమ్మ. బీరు సెలయేటి నీరులా తేటగా ఉంది. దోసెడు తాగితే గొంతులో ఇట్టే జారిపోయింది. నాలుక మీద బరువే లేదు. ఎందుకుంటుంది? అడుగమ్మ ముక్క మిగిల్చితే కదా!

అప్పుడే మెలకువ వచ్చిన పొంగమ్మ మూతి విరిచింది. "దీంతో కడుపెలాగ నిండుతాది?"

"కడుపుకి నువ్వున్నావు కదప్పా. దాహానికి నానుంటాను" అంది అడుగమ్మ.

ఇంతలో పోలమ్మ చెయ్యి కుండ అడుక్కి వచ్చింది. ఇక కోళ్ళకే అనుకుని అడుగమ్మ కళ్ళు మూసుకుంది. కానీ పోలమ్మ మడ్డిని అరచేతులతో మెల్లగా తీసి, కొత్త ముంతలో పెట్టి, గుడ్డ కట్టింది. "కోళ్ళు కాదు కదా, ఈగ కూడా దీని మీద వాలకూడదు!" అంది. అడుగమ్మకి సంతోషంతో ఏడుపొచ్చింది.

అప్పటినుంచే పొంగమ్మ బీరు వెచ్చని చోట గబగబా పొంగి, చిక్కగా, నోటినిండుగా ఉంటుంది. అడుగమ్మ బీరు చల్లని చోట వారాల తరబడి నిదానంగా తయారై, తేటగా, తేలిగ్గా ఉంటుంది. దాన్నే లాగర్ అంటారు. లాగర్ చేసేవాళ్ళు తర్వాతి కుండకి ఈస్ట్ కావాలంటే పైన నురగ వైపు చూడరు. అడుగున చెయ్యి పెట్టి, అడుగమ్మనే పిలుచుకుంటారు.