డ్రాగన్ వంశం వాళ్ళ మడుగు

అనగనగా చైనా దేశంలో, వెదురు పొదలు ఒత్తుగా పెరిగిన ఒక కొండ అడవి. ఆ అడవిలో లింగ్ అనే అలుగు ఉండేది. అలుగంటే తెలుసుగా? ఒంటినిండా పెంకుల్లాంటి పొలుసులు, పళ్ళు లేని నోరు, చీమల పుట్టలు తవ్వడానికి పొడవాటి గోళ్ళు. లింగ్ తోక మీద ఎప్పుడూ దాని పిల్ల అతుక్కుని ఉండేది.

రెండేళ్ళుగా అక్కడ చినుకు పడలేదు. వాగు ఎండిపోయింది. అడవి మొత్తానికి ఒక్క మడుగు మిగిలింది, అదీ మోకాలి లోతు.

ఒకనాటి పొద్దున లింగ్ నీళ్ళకి వెళ్ళింది. మడుగు గట్టున దుప్పి కొమ్ములు పైకెత్తి నిలబడి ఉంది. దాని పక్కన డేగ, కొండచిలువ.

"ఆగు! ఇది డ్రాగన్ వంశం వాళ్ళ మడుగు," అంది దుప్పి. "మనం కొలిచే డ్రాగన్ తల మీదున్నవి నాలాంటి కొమ్ములే."

"దాని కాళ్ళకున్నవి నా గోళ్ళు," అంది డేగ.

"ఒళ్ళంతా నా పోలికే," అంది కొండచిలువ.

కుందేళ్ళు, ఉడతలు, అడవి పందులు దూరంగా నిలబడి నీళ్ళకేసి చూస్తున్నాయి.

దుప్పి లింగ్‌ని ఎగాదిగా చూసింది. "అన్నట్టు, డ్రాగన్‌కి లాగే నీకూ పొలుసులున్నాయే! అయితే నువ్వూ మా వంశమే. రా, తాగు. కానీ మాతోపాటు కాపలా కాయాలి. వాళ్ళెవరినీ రానివ్వకూడదు."

"అమ్మా, దాహం," అని పిల్ల తోక మీద నుంచి మూలిగింది. లింగ్ ఒక అడుగు ముందుకేసింది. అంతలో ఒక కుందేలు కూన తడి మట్టిని నాకబోయింది. డేగ రెక్కతో ఒక్కటిచ్చింది. కూన బోర్లా పడింది.

లింగ్ ఆగిపోయింది. "కాపలా నా వల్ల కాదు మామా," అంది.

"అయితే చుక్క కూడా లేదు, పో!"

లింగ్ తిన్నగా అడవిలో అందరికన్నా పెద్దదైన తాబేలు అవ్వ దగ్గరికి వెళ్ళింది.

"అవ్వా, డ్రాగన్ ఎలా ఉంటుందో అందరూ చెబుతున్నారు. అది చేసే పనేమిటి?"

"నిప్పులు కక్కుతుందని పరాయి దేశాల్లో కథలు చెప్పుకుంటారట. మన డ్రాగన్ అలాంటిది కాదే తల్లీ," అంది అవ్వ. "మబ్బుల్ని తోలుకొస్తుంది. నదుల్ని పారిస్తుంది. చేలు తడుపుతుంది. అందుకే జనం దానికి దండం పెడతారు."

"మబ్బులు తేవడం నాకు రాదు. తవ్వడమైతే వచ్చు. ఇక్కడెక్కడైనా నీళ్ళున్నాయా?"

"పైన కొండచరియ విరిగిపడింది చూశావా? దాని కింద ఒకప్పుడు ఊట ఉండేది. కానీ అన్ని రాళ్ళు నువ్వొక్కదానివి తీయగలవా?"

"తీసి చూస్తాను," అంది లింగ్. పిల్లని అవ్వకి అప్పగించింది. అవ్వ దానికి పచ్చి దుంపల రసం నోట్లో పిండింది.

మొదటి రోజు లింగ్ నిలువు లోతు తవ్వింది. సాయంత్రానికి గులకరాళ్ళు జారి గొయ్యి పూడుకుపోయింది. రెండో రోజు మళ్ళీ మొదలుపెట్టింది. గోరు విరిగి నెత్తురు కారింది. గట్టి రాయి తగిలింది. లింగ్ ఏడ్చింది. ఏడుస్తూనే రాయి పక్కనుంచి తవ్వింది.

మూడో రోజు కుందేళ్ళు వచ్చాయి. "మేం మట్టి తోడేస్తాం అత్తా," అన్నాయి. వెనకే పందులూ వచ్చాయి. ముట్టెలతో రాళ్ళు దొర్లించాయి. మిట్ట మధ్యాహ్నం లింగ్ గోళ్ళకి చల్లగా తగిలింది. బుడబుడమంటూ నీళ్ళు పైకొచ్చాయి!

పిల్లలు ముందు తాగాయి. ఆ తర్వాతే పెద్దలు.

నాలుగు రోజులకి కింద మడుగు అడుగంటింది. దుప్పి, డేగ, కొండచిలువ ఒళ్ళు ఈడ్చుకుంటూ ఊట దగ్గరికి వచ్చాయి. కుందేళ్ళు అడ్డం నిలబడ్డాయి.

"ఇది తవ్విన వాళ్ళ ఊట! మీకు చుక్క కూడా లేదు!"

"తప్పుకోండి," అంది లింగ్.

"ఆ రోజు మనల్నేం చేశారో మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. మనమూ కాపలా కాస్తే ఇది ఇంకో మడుగవుతుంది. తప్పుకోండమ్మా, వాళ్ళకి దాహంగా ఉంది."

కుందేళ్ళు పక్కకి జరిగాయి. దుప్పి తల వంచి చాలాసేపు తాగింది. ఆ తల వెంటనే ఎత్తలేకపోయింది. తల వంచుకునే మెల్లిగా అడిగింది: "కింది లోయలో వాళ్ళు కూడా ఎండిపోతున్నారు. ఊటకి దిగువన అడ్డంగా ఉన్న ఆ బండ తీస్తే నీళ్ళు అటు పారతాయి కదూ?"

"పారతాయి మామా. కానీ చాలా బరువు."

దుప్పి తన కొమ్ములు బండ కింద దూర్చింది. శక్తికొద్దీ నెట్టింది. బండ కదిలింది, నీళ్ళు జరజరా కిందికి పారాయి. ఫట్‌మని ఒక కొమ్ము కొస విరిగిపడింది. దుప్పి దానివైపు చూడనైనా లేదు. నీళ్ళ దారికి అడ్డున్న పక్క బండ దగ్గరికి నడిచింది.

నీతి: గొప్పవాళ్ళ పోలిక ఉందని చెప్పుకుంటే గొప్ప రాదు, వాళ్ళు చేసే మేలు మనమూ చేస్తేనే వస్తుంది.