నక్కల పెళ్లికి కొత్త డోలు

అనగనగా అడవులు చాలానే ఉన్నాయి. కానీ మన కథ జరిగిన అడవిలో మాత్రం ఒక వింత రూలు ఉండేది. నక్కల పెళ్లిళ్లు ఎండా వానా కలిసి వచ్చినప్పుడే జరగాలి. ఎండ పోయినా పెళ్లి ఆగిపోతుంది, వాన ఆగినా ఆగిపోతుంది.

ఇంకో రూలు కూడా ఉంది. పంతులుగారు "గట్టిమేళం" అనగానే డోలు దడదడలాడాలి. ఆ మోతలోనే తాళి కట్టాలి. ఎందుకంటే సరిగ్గా ఆ టైములోనే ఎవరో ఒకరు తుమ్ముతారు. తడిస్తే నక్కలకి తుమ్ములు మరీ ఎక్కువ. ఒక్క తుమ్ము వినపడిందా, మళ్లీ మేళం మోగేదాకా తాళి కట్టకూడదు.

ఆ అడవిలో డోలు వాయించేది ఎలుగుబంటి బంటయ్య. అక్కడ డోలుకి తోలు వాడరు. వాడితే అది ఎవరి తోలని గొడవైపోతుంది కదా. అందుకని మోదుగాకులు తుమ్మబంకతో పొరలు పొరలుగా అతికించి బిగిస్తారు. బంటయ్య మూడు వానాకాలాలుగా ఒకటే డోలు వాయిస్తున్నాడు. ఎక్కడ కొడితే ధుం అంటుందో, ఎక్కడ తడితే తకిట అంటుందో అతని చేతులకే తెలుసు. బంటయ్య నిద్రపోతున్నా చేతులు వాయిస్తూనే ఉండేవి. పక్కన పడుకున్న వాళ్లకి తప్ప అందరికీ అది ముచ్చటగా ఉండేది.

ఒకరోజు నక్కపిల్ల నీలాలు పరిగెత్తుకుంటూ వచ్చింది.

"మామా, నాకు పెళ్లి కుదిరింది. డోలు నువ్వే వాయించాలి. పెళ్లికొడుకు మంచోడే కానీ వాళ్ల నాన్నకి తిక్కెక్కువ. ఈసారి వచ్చే ఎండావానలో పెళ్లి కాకపోతే వేరే సంబంధం చూసుకుంటానన్నాడు."

"నేనున్నా కదా అమ్మలూ. నీ పెళ్లికి కొండలు కూడా గంతులెయ్యాలి," అన్నాడు బంటయ్య.

ఆ మాట దారిన పోతున్న ముంగిస పరంధాములు విన్నాడు. డోళ్లు అమ్మేది అతనే.

"అన్నా, ఇంత పెద్ద పెళ్లికి ఈ పాత డోలా?"

"పాతదేంటి, మూడేళ్లేగా?"

"మూడేళ్లంటే డోళ్లలో ముసలిది. ఇదిచ్చెయ్, ఒక తేనెపట్టు ఇవ్వు, పనసచెక్క డోలు తీసుకెళ్లు. దీని మోత మూడు కొండల అవతలికి వినపడుతుంది."

నిజంగానే వినపడింది. బంటయ్య ఆనందంతో దాన్ని మెడలో వేసుకుని ఏటిదాకా డాన్సు చేసుకుంటూ వెళ్లాడు. కానీ ధుం కొట్టే చోట కొడితే తకిట అంది. తకిట కొట్టే చోట అసలు ఏమీ అనలేదు. పోనీలే, అలవాటవుతుందిలే అని వారం రోజులు సాధనకి కూర్చున్నాడు. చేతులు ఇప్పుడిప్పుడే దారికొస్తున్నాయి.

ఎనిమిదో రోజు పరంధాములు మళ్లీ వచ్చాడు. ఈసారి డోలు నిండా గురివింద గింజలు. ఊపితే గలగల, కొడితే గలగల, ఊరికే ఊపిరి పీల్చినా గలగల. బంటయ్యకి నవ్వాగలేదు. పనసచెక్క డోలు పోయింది, ఇంకో తేనెపట్టూ పోయింది.

నీలాలు వచ్చి అడిగింది, "మామా, ఒక్కసారి గట్టిమేళం వాయించవా, వింటాను."

"ఇవాళొద్దు అమ్మలూ. ఇది నిన్ననే వచ్చింది."

"మొన్న వచ్చినప్పుడూ అదే అన్నావు."

"మొన్నటిది వేరులే. అది ఇప్పుడు లేదు."

నీలాలు తోక కొంచెం కిందికి దిగింది.

ఇంకో వారం పోయాక మూడోది వచ్చింది. దీనికి చుట్టూ తాళ్లు, తాళ్లకి ఇరవై ముడులు. ఏ ముడి బిగిస్తే ఆ శబ్దం. బంటయ్య రాత్రంతా బిగిస్తూ, విప్పుతూ, నవ్వుకుంటూ కూర్చున్నాడు. వాయించడానికి టైమే దొరకలేదు.

తెల్లారగానే ఎండ, ఆ ఎండలోనే వాన.

"పెళ్లి, పెళ్లి" అంటూ అడవంతా పరిగెత్తింది. కొంగ పంతులు ఒంటికాలి మీద నిలబడి మంత్రాలు చదివేశాడు. పెళ్లికొడుకు తాళి చేతిలోకి తీసుకున్నాడు.

"గట్టిమేళం, గట్టిమేళం," అన్నాడు పంతులు.

బంటయ్య కొట్టాడు. డోలు ట్వింగ్ అంది. వెనకాల ఎవరో హాఛ్ అని తుమ్మారు. పెళ్లికొడుకు చెయ్యి ఆగిపోయింది.

బంటయ్య ఒక ముడి బిగించి మళ్లీ కొట్టాడు. ఈసారి డోలు మ్యావ్ అంది. అందరూ అడవిపిల్లి వైపు తిరిగారు. "నేను కాదు," అంది అడవిపిల్లి.

మూడోసారి కంగారులో డోలుని ఊపాడు. అందులో గింజలుంటేగా. ఏమీ వినపడలేదు.

ఎండ మబ్బు అంచుదాకా వెళ్లిపోయింది. పెళ్లికొడుకు నాన్న చామాకు గొడుగు ముడిచాడు. "పదండ్రా, పులిహోర తినేసి పోదాం," అన్నాడు. నీలాలు ముఖం మీది పసుపు వానకి కారిపోతుంటే బంటయ్య వైపే చూస్తూ కూర్చుంది.

అప్పుడు వంటశాలలోంచి మోత. ధడధడధడధడ.

వంటలక్క అడవిపంది వరాలమ్మ, గంగాళం బోర్లించి గరిటెతో వాయించేస్తోంది. ఆ మోతలో ఏడు నక్కలు తుమ్మాయి. ఒక్కటీ వినపడలేదు. మూడు ముళ్లూ పడ్డాయి. మూడో ముడి పడ్డాకే ఎండ పోయింది.

డోలు వాయించినవాళ్లకి పెట్టే కొత్త బట్టలు, తాంబూలం వరాలమ్మకి పెట్టారు. బంటయ్య భోజనాల వరసలో చివర కూర్చున్నాడు. ఒళ్లో ఇరవై ముడుల డోలు.

"అక్కా, నీకు వాయించడం ఎప్పుడొచ్చింది?" అని అడిగాడు.

"నాకేం వచ్చు తమ్ముడూ? రోజూ పిల్లల్ని అన్నానికి పిలవడానికి ఇలాగే కొడతాను. చెయ్యి అదే కొట్టేసింది," అంటూ విస్తట్లో పులిహోర వేసింది వరాలమ్మ.

నీలాలు వచ్చి పక్కన కూర్చుంది. "పెళ్లయిపోయింది మామా. నీ డోలు మాత్రం వినలేదు."

బంటయ్య చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేశాడు.

ఇంతలో పరంధాములు బంటయ్య పక్కన చేరి చెవిలో అన్నాడు, "అన్నా, గంగాళం మోత విన్నావుగా? అచ్చం అలాంటిదే ఒకటుంది. ఈ డోలిచ్చెయ్, ఒక తేనెపట్టు..."

బంటయ్య డోలుని దగ్గరికి లాక్కున్నాడు. "ఇందులో తకిట దొరికాక రా."

"ఎప్పటికి దొరుకుతుంది?"

"నీలాలు పిల్లల పెళ్లికి దొరికితే చాలు."

విస్తట్లోనే చెయ్యి కడుక్కుని, మొదటి ముడి దగ్గర్నుంచి ఒక్కో చోటా తట్టి వినడం మొదలుపెట్టాడు.

నీతి: పనిముట్టు మార్చినప్పుడల్లా చెయ్యి మళ్లీ ఒకటో తరగతిలో కూర్చుంటుంది, కొత్తది ఎంత మంచిదైనా, చేతిలో ఉన్నది బాగా పట్టుబడేదాకా దాన్ని గుమ్మం బయటే ఉంచాలి.