పలికితేనే వచ్చినట్టు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక బడి. ఆ బడికి ఒక చట్టం కూడా ఉండేది.

మృగరాజు స్వయంగా చేసిన చట్టం. "పుట్టిన ప్రతి పిల్లకూ బడిలో చోటుండాలి. చూపు లేకున్నా, నడక రాకున్నా, చెవి వినపడకున్నా చోటుండాలి. పిల్ల తీరును బట్టి బడే మారాలి." దాన్ని మద్దిచెక్క మీద చెక్కించి బడి ముందు వేలాడదీశారు. నెమలి పంతులు రోజూ దానికి పూలదండ వేసేవాడు. దండ కింద అక్షరాలు కనపడేవి కావు. అయితేనేం, పిల్లలందరికీ చట్టం కంఠతా వచ్చు. పొద్దున్నే గొంతెత్తి అప్పజెప్పేవారు.

ఆ బడిలో జాజి అనే దుప్పిపిల్ల చేరింది. పుట్టుకతోనే దానికి చెవులు వినపడవు. కళ్లు మాత్రం చురుకు. కాళ్లు ఇంకా చురుకు. ఏనుగులకు ఒక లోగొంతు ఉంటుంది. అది ఇంకెవరి చెవికీ అందదు. ఏటి అవతల ఏనుగులు ఆ గొంతుతో మాట్లాడుకుంటే ఇవతల నేల సన్నగా అదిరేది. జాజి గిట్టలకు అది తెలిసేది. వెంటనే లేచి, తోక పైకెత్తి, అటే చూసేది. తల్లి దుప్పి అది చూసి మురిసిపోయేది.

బడిలో హాజరుకు ఒక పద్ధతి ఉంది. పింఛం మీద ఎండ బాగా పడాలని పంతులు పిల్లలకు వీపు పెట్టి నిలబడేవాడు. అలాగే పేర్లు పిలిచేవాడు. పిల్ల పలికితే ముంగిస గుమాస్తా కుండలో ఒక చింతగింజ వేసేవాడు. పలక్కపోతే వెయ్యడు. గింజ పడితేనే పిల్ల వచ్చినట్టు. మధ్యాహ్నం తునికిపండూ ఆ గింజల లెక్కనే.

జాజి రోజూ ముందు వరసలోనే కూర్చునేది. రోజూ రానట్టే ఉండేది.

తల్లి బడికి వెళ్లింది. "పంతులుగారూ, మా పిల్లకు వినపడదండి. దాని వైపు తిరిగి, రెక్క ఎత్తి చూపించండి చాలు. తోక ఎత్తుతుంది."

"అదెలా కుదురుతుంది దుప్పమ్మా? చట్టం ముందు అందరూ సమానమే కదా. ఒక్కదాని కోసం తిరిగితే మిగతావాళ్లకు అన్యాయం చేసినట్టు కాదూ?"

తల్లి తిరిగొచ్చింది.

కొన్నాళ్లకు జాజి చిక్కిపోయింది. తల్లి మళ్లీ వెళ్లింది. "పండైనా పెట్టండి. ఆకలితో వస్తోంది."

"పండు నేను ఆపలేదమ్మా," అన్నాడు పంతులు, నొచ్చుకుంటూ. "గింజ పడలేదు."

మూడోసారి ముంగిసే ఎదురొచ్చాడు. "అక్కా, రేపు తనిఖీ. ఏనుగు అమ్మగారు వస్తున్నారు. రాని పిల్ల పేరు ఎన్నాళ్లని ఉంచుతాం చెప్పు? మేం తీసేస్తే చట్టం ఒప్పుకోదు. నువ్వే ఇష్టపూర్వకంగా తీసుకెళ్తున్నానని ఒక్క మాట చెప్పేయి. నీకూ గౌరవం, మాకూ గౌరవం."

తల్లి సరేనంది. 

మర్నాడు ఏనుగు అమ్మగారు వచ్చింది. ఆ ఒక్క మాట చెప్పడానికి తల్లి కూడా బడికి వచ్చింది. ఏనుగు, "వినపడని పిల్లలున్నారా?" అని అడిగింది.

"ఒక్కరూ లేరండి. మా బడిలో అందరూ పలుకుతారు," అన్నాడు పంతులు. "ఈ దుప్పమ్మ మాత్రం పిల్లను మాన్పించుకుంటోంది. ఇష్టపూర్వకంగానే లెండి."

ఏనుగు తల్లి వైపు తిరిగింది. "నిజమేనా అమ్మా?"

తల్లి నోరు తెరిచింది.  ముందు వరసలో జాజి తననే చూస్తోంది. నేను కాదంటే రేపు దీన్ని ఇంకెంత ఏడిపిస్తారో అనుకుంది. ఔనంటే రేపు బడే లేదు అనుకుంది.

"ఇష్టం కాదండి," అంది. "అమ్మగారూ, ఒక్క మనవి. ఇవాళ్టి హాజరు మీరు పిలవండి. మీ లోగొంతుతో."

ఏనుగు సరేనని తల ఊపింది. తర్వాత కళ్లు మూసుకుంది.

బడంతా నిశ్శబ్దం. ఒక కుందేలు పిల్ల చెవి గోక్కుంది.

"ఇక మొదలుపెట్టండి అమ్మగారూ," అన్నాడు పంతులు.

"పిలిచేశాను. అందర్నీ. మిమ్మల్ని కూడా."

జాజి మాత్రం లేచి నిలబడి ఉంది. తోక పైకెత్తి, ఏనుగు వైపే చూస్తోంది.

"వచ్చింది ఒక్కరే," అంది ఏనుగు. "గింజ వెయ్యి గుమాస్తా."

టక్కున ఒక్క గింజ పడింది.

"మిగతావాళ్లు రాలేదు కాబట్టి పండు లేదు. రాని పంతులుకు ఈ బడిలో పని కూడా ఏముంటుంది?"

పంతులు పింఛం ముడుచుకుపోయింది. "అదేమిటండీ! కళ్లెదురుగానే ఉన్నాం కదా! మీ గొంతు మాకు వినపడకపోతే అది మా తప్పా?"

 తనన్న మాట పంతులు చెవికే నెమ్మదిగా చేరింది.

ఏనుగు తొండంతో చట్టం మీది పూలదండ తీసి పక్కన పెట్టింది. "ఇప్పుడు చదవండి. అప్పజెప్పడం కాదు, చదవండి."

ఆ రోజు అందరికీ పండు దొరికింది. మర్నాటి నుంచి పంతులు పిల్లల వైపు తిరిగి, రెక్క ఎత్తి హాజరు తీసుకున్నాడు. గొంతున్నవాళ్లు పలికారు. జాజి తోక ఎత్తింది. నెల తిరక్కముందే, "ఈ పద్ధతి నేనే కనిపెట్టాను" అని పంతులు పక్క అడవి పంతుళ్లకు చెప్పుకోవడం తల్లి చెవిన పడింది.

చెప్పుకోనీ అనుకుంది.

ఆ సాయంత్రం జాజి ఇంటికొచ్చి, తన పండులో సగం తెచ్చి అమ్మ ముందు పెట్టింది.

నీతి: ఎదురుగా ఉన్న బిడ్డకు పిలుపు అందకపోతే, మారాల్సింది పిలిచే తీరే కానీ బిడ్డ కాదు. చట్టానికి దండ వేస్తే సరిపోదు, దాన్ని చదవాలి.