గుప్పెడు గింజల అర్జీ

ఇప్పలకోన అడవిలో ఏనుగులు, నెమళ్లు, ఉడుతలు, కాకులు, చీమలు కలిసి ఉండేవి. వాగుకు అవతల తాబేలు పంతులుగారి మూలికల బడి ఉండేది. పంతులుగారు చదువు ఊరికే చెప్పేవారు. కానీ వానాకాలం నాలుగు నెలలకు సరిపడా గింజలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. వాగు పొంగేలోపు చేరకపోతే మళ్లీ ఏడాది దాకా ఆగాల్సిందే.

బుజ్జులు అనే ఉడుతకు ఆ బడిలో చదవాలని ఎంతో ఆశ. సింగారం అనే నెమలికీ అంతే. ఇద్దరి ఇళ్లలోనూ గింజలు అంతంతమాత్రమే.

ఆ అడవిలో ఒక మంచి అలవాటు ఉంది. సాయం కావలసిన పిల్లలు తాము ఎందుకు చదవాలనుకుంటున్నారో టేకాకు మీద గీసి, ఇచ్చేవాళ్ల గుమ్మంలో పెట్టాలి. ఏనుగు దొరగారు ఏటా ఒక్కరికే గాదె నిండా గింజలు ఇచ్చేవారు. మిగతావాళ్లు తలా గుప్పెడు ఇచ్చేవారు.

సింగారం ఏనుగుగారికి అందమైన ఆకు ఒకటి రాసి, ఇక గాదె తనదే అన్నట్టు దర్జాగా కూర్చుంది. బుజ్జులు కూడా ఆయనకు రాసింది. అక్కడితో ఆగకుండా చీమల సంఘానికి, చిలకత్తకు, ముళ్లపంది మామకు, ఇంకా ఎందరికో రాసింది. గీసి గీసి పాపం దాని గోళ్లు అరిగిపోయాయి.

"గుప్పెడు గింజల కోసం ఇన్ని గుమ్మాలు ఎక్కుతావా? నాకైతే నామోషీ" అని సింగారం మూతి విరిచింది.

బుజ్జులు నవ్వి, చివరి ఆకు పట్టుకుని ముసలి కాకమ్మ గూటికి వెళ్లింది. కాకమ్మ అది చదివి కళ్లు తుడుచుకుంది.

"పోయిన మా ఆయన పేరు మీద మూడేళ్లుగా ఏటా గుప్పెడు తీసి పెడుతున్నానమ్మా. చిన్నదని ఎవరూ అడగలేదు. మూడేళ్లదీ నువ్వే తీసుకో" అంది.

ఏనుగుగారి గాదె అవతలి కొండ కుందేలుకు దక్కింది. ఆకాశంలో మబ్బులు కమ్ముకున్నాయి. సింగారం దగ్గర ఒక్క గింజ కూడా లేదు. బుజ్జులుకు కొందరు లేదన్నారు, చాలామంది ఇచ్చారు. అన్నీ మూట కడితే నాలుగు నెలలకు సరిపోయి, ఇంకో గుప్పెడు మిగిలింది. మిగిలినదాన్ని వచ్చే ఏడు అడిగేవాళ్ల కోసం కాకమ్మ దగ్గరే ఉంచి, బుజ్జులు వాగు దాటింది.

మరుసటి ఏడు కాకమ్మ గుమ్మంలో అందరికంటే ముందు కనిపించిన ఆకు సింగారానిది.

నీతి: చిన్న సాయమే కదా అని అడగడం మానకూడదు; గుప్పెడు గుప్పెడు కలిస్తేనే చదువుకు దారి దొరుకుతుంది.